అయానిక్ లిక్విడ్‌లో రిఫరెన్స్ ఎలక్ట్రోడ్: వెండి తీగతో 70 రోజులు

సూపర్ కెపాసిటర్ (కరెంటుని నిల్వచేసే పరికరం) కోసం చేసిన కార్బన్ ముక్క అయానిక్ లిక్విడ్‌లో (మామూలు వేడికే ద్రవంగా ఉండే ఉప్పులో) ఎన్ని వోల్టుల దాకా తట్టుకుంటుందో చూడడం అసలు పని. ఒకే ముక్క, ఒకే ద్రవం. కానీ సోమవారం గ్రాఫు మీద బుధవారం గ్రాఫు పెడితే వంద మిల్లీవోల్టులకు పైగా పక్కకి జరిగి ఉండేది. కార్బన్ మారలేదు, కొలబద్ద కదులుతోంది. ఆ కొలబద్దే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్: మిగతా వోల్టేజీలన్నీ దేనితో పోల్చి కొలుస్తామో అది. దాంతో కార్బన్‌ని డబ్బాలో పెట్టి మూతవేసి కొలబద్ద చేయడానికి కూర్చున్నాను. ఈ డైరీ దాని గురించే.

మాది విశాఖలో ఒక కాలేజీ ల్యాబ్. గ్లోవ్ బాక్స్ (తేమ, గాలి చొరబడని పెట్టె) లేదు. ఉన్నవి: వ్యాక్యూమ్ ఓవెన్, పాత పొటెన్షియోస్టాట్ (వోల్టేజీని మారుస్తూ కరెంటు కొలిచే యంత్రం), 10 మెగాఓమ్‌ల ఇన్‌పుట్ ఉన్న మల్టీమీటర్, పక్క డిపార్ట్‌మెంట్‌లో బతిమాలితే దొరికే, ద్రవంలో నీరెంతో కొలిచే కార్ల్ ఫిషర్ మెషీన్. ద్రవం బ్యూటైల్ మిథైల్ ఇమిడజోలియం, ఎన్‌టీఎఫ్2 అనే రెండు అయాన్ల ఉప్పు. ఇక నుంచి దీన్ని "ద్రవం" అనే అంటాను. సాంద్రత 1.44, చిక్కదనం నీటికి దాదాపు 50 రెట్లు. ఈ చిక్కదనం ముందు ముందు చాలా ఏడిపిస్తుంది. మా సీనియర్ ఒకరు చేసిపెట్టి వెళ్లిన 50 గ్రాముల సీసా ఉంది, అంటే సుమారు 34.7 మి.లీ.

అన్ని దశల్లోనూ పరీక్ష ఒక్కటే. 3 మి.మీ. గ్లాసీ కార్బన్ డిస్కు, ప్లాటినం తీగ, ద్రవంలో 5 మిల్లీమోలార్ ఫెర్రోసీన్ (ఎలక్ట్రాన్‌ని తేలిగ్గా ఇచ్చి పుచ్చుకునే ఇనుప సమ్మేళనం), వోల్టేజీని సెకనుకు 100 మిల్లీవోల్టుల చొప్పున పెంచి దించే స్కాన్. పైకి వెళ్లేటప్పటి కరెంటు పీక్‌కీ (శిఖరానికీ) కిందికి వచ్చేటప్పటి పీక్‌కీ మధ్య బిందువు ఎక్కడ పడిందో రాసుకోవడం. నీరు లేని ద్రావణాల్లో కొలతలను ఈ ఫెర్రోసీన్ జంటకి (ఫెర్రోసీన్, ఎలక్ట్రాన్ పోయిన దాని రూపం) ముడిపెట్టి చెప్పమని రసాయన శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంస్థ ఐయూపీఏసీ 1984లోనే సిఫార్సు చేసింది. 5 మి.లీ. ద్రవానికి ఫెర్రోసీన్ 4.65 మి.గ్రా. సరిపోతుంది.

దశ 1: వట్టి వెండి తీగ (1–4 రోజులు)

చాలామంది చేసేదే. ఒక వెండి తీగ నేరుగా ద్రవంలో ముంచి, దాన్నే రిఫరెన్స్ అనుకోవడం. ఫెర్రోసీన్ మధ్య బిందువు ఇలా వచ్చింది:

ఉదయం 10కి: +0.212 వోల్టు
మధ్యాహ్నం 12కి: +0.187
3 గంటలకి: +0.231
మర్నాడు ఉదయం: +0.118

ఒక్క రోజులో 113 మి.వో. తేడా. తీగని ఎమరీ పేపర్‌తో రుద్ది మళ్లీ ముంచితే +0.270. తీగ ఉపరితలం మీద ఏ పొర ఉందో, చుట్టూ ఎన్ని వెండి అయాన్లు ఉన్నాయో ఎవరూ నిర్ణయించలేదు. అలాంటప్పుడు అది ఒక విలువ దగ్గర నిలబడాలనుకోవడం మన అత్యాశ.

తీగని పూర్తిగా తీసిపారేయమని చెప్పను. ఫెర్రోసీన్ అదే ద్రవంలో, అదే స్కాన్‌లో ఉంటే తీగ ఎంత కదిలినా పర్వాలేదు. నాకు కుదరనిది అదే. కార్బన్ ముక్కని పై అంచు (అది తట్టుకునే గరిష్ఠ వోల్టేజీ) దాకా తీసుకెళ్తుంటే ఫెర్రోసీన్ దారిలోనే ఆక్సీకరణ చెంది అసలు గ్రాఫులో కలిసిపోతోంది.

ఇప్పటివరకు: 4 రోజులు. ఖర్చైన ద్రవం 5 మి.లీ. చేసిన ఎలక్ట్రోడ్లు సున్నా.

దశ 2: నీళ్ల ఎలక్ట్రోడ్ (5–6 రోజులు)

బీఎస్సీ ల్యాబ్‌లో ఉండే సిల్వర్–సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్, లోపల 3 మోలార్ పొటాషియం క్లోరైడ్. రెండు రోజులు వృథా. సెల్‌లో నీరు 90 పీపీఎం (పది లక్షల్లో 90 పాళ్లు) నుంచి నాలుగు గంటల్లో 2,400కి వెళ్లింది. ద్రవం తట్టుకునే వోల్టేజీ పరిధి రెండువైపులా కుంచించుకుపోయింది. పైగా నీటి ద్రావణం అయానిక్ లిక్విడ్‌ని తాకే చోట అదనంగా ఎంత వోల్టేజీ పుడుతుందో లెక్కకట్టలేం. చేయకండి.

ఇప్పటివరకు: 6 రోజులు, 10 మి.లీ.

దశ 3: కంసాలి తీగ, సాగదీసిన గాజు ముక్కు (7–17 రోజులు)

వెండి అయాన్ల గాఢత మనమే నిర్ణయించి, ఆ ద్రావణాన్ని వేరే గొట్టంలో పెట్టాలి. 10 మిల్లీమోలార్ సిల్వర్ ట్రైఫ్లేట్‌ని (ఒక వెండి లవణాన్ని) అయానిక్ లిక్విడ్‌లోనే కరిగించే వంటకం 2006 నుంచి పేపర్లలో ఉంది. 5 మి.లీ.కి 12.85 మి.గ్రా. సిల్వర్ ట్రైఫ్లేట్. లోపలా బయటా ఒకే ద్రవం కాబట్టి, రెండూ కలిసే చోట పుట్టే వోల్టేజీ దాదాపు ఉండదు. ఈ పద్ధతిలో అసలు లాభం అదే.

శుద్ధమైన తీగ ఆర్డరు రావడానికి మూడు వారాలన్నారు. ఆగలేక బజారుకి వెళ్లి కంసాలి దగ్గర 0.8 మి.మీ. తీగ కొన్నాను. ఆయన దాచలేదు, ముందే చెప్పాడు: "పట్టీలకైతే ఇదే వాడతామమ్మా. ప్యూర్ వెండి మరీ మెత్తగా ఉంటాది." నేను తలూపి ఇంటికొచ్చాను.

గొట్టంగా పాశ్చర్ పిపెట్. మంట మీద కొన సాగదీసి సన్నటి ముక్కు చేశాను. ఫ్రిట్ (ద్రవాలు కలిసిపోకుండా కొనలో పెట్టే సన్న రంధ్రాల బిళ్ల) లేదు, ముక్కే అడ్డు అనుకున్నాను.

రెండూ తప్పే.

మొదటిది తీగ. ఆరు రోజుల్లో ఒక ఎలక్ట్రోడ్ 9 మి.వో., ఇంకోటి 14 మి.వో. కిందికి దిగాయి. బయటికి తీసి భూతద్దంలో చూస్తే తీగ మీద బూడిదరంగు నూగు, అక్కడక్కడా మెరిసే సూదులు. పట్టీల వెండిలో రాగి కలిసి ఉంటుంది. రాగి కరిగి ద్రవంలోకి పోతూ, ద్రవంలోని వెండి అయాన్లని తీగ మీదే వెండిగా దించుతోంది. ఇంటర్‌లో సిల్వర్ నైట్రేట్‌లో రాగి ముక్క వేసి చూపించే ప్రయోగం, నా ఎలక్ట్రోడ్ లోపల అడక్కుండానే జరుగుతోంది. ఒక ఎలక్ట్రోడ్‌లో 0.5 మి.లీ. ద్రావణమే ఉంటుంది. అంత తక్కువలో పదో వంతు మిల్లీగ్రాము రాగి కూడా పెద్ద లెక్కే.

రెండోది కారడం. గ్రాఫులో ఫెర్రోసీన్ పీకులు మామూలుగానే ఉన్నాయి, కానీ పైకి వెళ్లే దారిలో సున్నాకి కాస్త పైన సూదిలాంటి పీక్ ఒకటి లేచింది. మొదట ద్రవంలో మురికి అనుకున్నాను. తర్వాత వెలిగింది. మన రిఫరెన్స్ వెండి–వెండి అయాన్ జంట, కాబట్టి వెండి పూత పడటం, ఊడటం ఎప్పుడూ సున్నా పరిసరాల్లోనే కనిపిస్తాయి. ముక్కులోంచి వెండి సెల్‌లోకి జారుతోంది. రిఫరెన్స్ పెట్టాక సున్నా దగ్గర కొత్త పీక్ వస్తే ముందు దాన్నే అనుమానించండి.

ఇప్పటివరకు: 17 రోజులు. ఖర్చైన ద్రవం 16 మి.లీ. చేసినవి 2, పనికొచ్చేవి 0.

దశ 4: వైకార్ ఫ్రిట్, ఒక బుడగ (18–29 రోజులు)

99.99 శాతం వెండి తీగ వచ్చింది, 0.5 మి.మీ. ఫ్రిట్‌గా వైకార్ గాజు తీసుకున్నాను. చూడ్డానికి మామూలు గాజే, లోపలంతా కంటికి కనిపించని రంధ్రాలు.

1. బయటి వ్యాసం 4 మి.మీ. గాజు గొట్టం, 7 సెం.మీ. పొడవు. కొన ఎమరీ మీద చదును చేయాలి.
2. 4 మి.మీ. వైకార్ ముక్క, 3 మి.మీ. మందం. గొట్టం కొనకి ఆనించి టెఫ్లాన్ హీట్ ష్రింక్ (వేడికి కుంచించుకుని బిగిసే గొట్టం) తొడగాలి.
3. ఫ్యూమ్ హుడ్‌లో హీట్ గన్‌తో, గొట్టాన్ని వేళ్లతో తిప్పుతూ వేడిచేయాలి.
4. ఫ్రిట్ కొనని ద్రవంలో ముంచి, వ్యాక్యూమ్ కింద 24 గంటలు నాననివ్వాలి.
5. వెండి ద్రావణాన్ని పొడవాటి సూదితో అడుగు నుంచి పైకి నింపాలి.
6. తీగని 2000 నంబరు ఎమరీతో రుద్ది, పలుచటి నైట్రిక్ ఆమ్లంలో రెండు సెకన్లు ముంచి, నీళ్లతో, తర్వాత అసిటోన్‌తో కడిగి ఆరబెట్టి దించాలి.
7. పైన మూత, చుట్టూ అల్యూమినియం ఫాయిల్. వెండి లవణాలకి వెలుతురు పడదు.

మొదట చేసిన నాలుగింటిలో రెండు ఫ్రిట్లు పగిలాయి. ఒకవైపు నుంచే వేడి పెట్టడం వల్ల. 3వ అంకెలో "తిప్పుతూ" అని రాసింది అందుకే.

మిగతా రెండింటిలో ఒకటి పెట్టగానే పొటెన్షియోస్టాట్ ఓవర్‌లోడ్ లైటు వెలిగించి కూర్చుంది. కేబుల్ మార్చాను, క్లిప్పులు రుద్దాను, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాను. రెండు రోజులు పోయాయి. చివరికి గొట్టాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి చూస్తే ఫ్రిట్ వెనకాల ఆవగింజంత బుడగ. గొట్టం అడ్డం మొత్తం ఆక్రమించి, లోపలి ద్రావణానికీ ఫ్రిట్‌కీ మధ్య గోడలా కూర్చుంది. నీళ్లయితే తట్టగానే పైకి పోయేది. ఇది ఆముదంలో చిక్కిన బుడగ. తలకిందులు చేసినా కదలదు, గోటితో కొడితే కొంచెం వణికి మళ్లీ అక్కడే. డెసికేటర్‌లో పది నిమిషాలు వ్యాక్యూమ్ పెడితే ఉబ్బి, సాగి, పైకి జారింది. అప్పటినుంచి ప్రతి ఎలక్ట్రోడ్‌నీ వెలుతురుకి ఎత్తి చూడకుండా కేబుల్ ముట్టుకోవడం లేదు.

ఇంకో గొడవ విద్యుత్ శబ్దం (నాయిస్). గ్రాఫు మీద 50 హెర్ట్జ్ అలలు. ఫ్రిట్ నిరోధం 12 కిలోఓమ్‌లు, ఆ తీగ యాంటెన్నాలా పనిచేస్తోంది. ఇంట్లో ఖాళీగా ఉన్న స్టీలు బియ్యం డబ్బాకి మూడు బెజ్జాలు వేసి, ఎర్త్ కలిపి, సెల్‌ని అందులో పెట్టాను. గీత నున్నగా వచ్చింది. అమ్మకి ఇంకా చెప్పలేదు.

రెండు ఎలక్ట్రోడ్లనీ ఒకే గిన్నెలో ముంచి మధ్య తేడా కొలిస్తే 0.4 మి.వో. ఫెర్రోసీన్ –0.372 వోల్టు దగ్గర. వారం రోజులు కదల్లేదు. అయిపోయిందనుకున్నాను.

ఇప్పటివరకు: 29 రోజులు. ఖర్చైన ద్రవం 22 మి.లీ. చేసినవి 6, పనికొచ్చేవి 2 (అనుకున్నాను).

దశ 5: సీసాలో ఉన్న ఉప్పు (30–38 రోజులు)

ద్రవం తగ్గుతోందని 25 గ్రాముల కొత్త సీసా కొన్నాం. దాంతో ఇంకో ఎలక్ట్రోడ్ నింపి, పాతవాటి పక్కనే అదే సెల్‌లో పెట్టాను. కొత్తదానితో ఫెర్రోసీన్ –0.410. పాతవాటితో –0.372. మల్టీమీటర్ పెడితే కొత్తదే 38 మి.వో. ఎక్కువ. తీగ ఒకటే, ఫ్రిట్ ఒకటే, తూకం ఒకటే.

నా మొదటి అనుమానం కొత్తదాని మీదే. వారం రోజులు ఒకే అంకె చెప్పిన పాతవి తప్పెలా అవుతాయి? రెండూ ఒకదానితో ఒకటి అర మిల్లీవోల్టులో కలుస్తున్నాయి కదా! అసలు బోల్తాపడింది ఇక్కడే. రెండూ ఒకే సీసాలోంచి వచ్చాయి, ఒకే తప్పుని జంటగా చెబుతున్నాయి.

పాత వెండి ద్రావణం సీసాని నల్ల కాగితం ముందు పెట్టి చూస్తే సన్నటి పాలరంగు. ఇది కలిపిన రోజూ కనిపించింది. సిల్వర్ ట్రైఫ్లేట్ ఇంకా కరగలేదేమో అనుకుని పది నిమిషాలు ఎక్కువ కలిపి ఊరుకున్నాను. అది సిల్వర్ క్లోరైడ్. ఈ ద్రవాన్ని ల్యాబ్‌లో చేసేటప్పుడు క్లోరైడ్ లవణం నుంచి మొదలుపెడతారు. సరిగ్గా కడగకపోతే క్లోరైడ్ మిగిలిపోతుంది. సీసా మీద "క్లోరైడ్ టెస్ట్ ఓకే" అని చీటీ ఉంది. చీటీని నమ్మి నేను టెస్ట్ చేయలేదు. తప్పు నాదే.

లెక్క చూడండి. వెండి అయాన్లు పదో వంతుకి పడితే 25 డిగ్రీల దగ్గర 59 మి.వో. దిగాలి. 38 దిగిందంటే 10 మిల్లీమోలార్‌లో మిగిలింది 2.3 మాత్రమే, 7.7 క్లోరైడ్ మింగేసింది. 7.7 మిల్లీమోలార్ క్లోరైడ్ అంటే ఈ ద్రవంలో బరువు ప్రకారం 190 పీపీఎం. ఆ అంకె వింటే "ఎంతో శుభ్రం" అనిపిస్తుంది. వెండి ఎలక్ట్రోడ్‌కి మాత్రం అది మూడొంతులు తినేసిన చీడ. తూకంలో 1 శాతం తప్పు చేస్తే వచ్చే తేడా 0.26 మి.వో. నేను బ్యాలెన్స్ ముందు ఊపిరి బిగబట్టి తూచింది దీనికోసమా అని నవ్వొచ్చింది.

పాత ద్రవాన్ని బాగుచేసిన తీరు:

1. ద్రవం, రెట్టింపు డీఅయనైజ్డ్ నీళ్లు, సెపరేటింగ్ ఫన్నెల్. నీళ్లు పైన, ద్రవం కింద ఉంటాయి.
2. పై నీళ్లలో ఒక చుక్క సిల్వర్ నైట్రేట్. తెల్లబడితే మళ్లీ కడగాలి.
3. నాకు ఆరుసార్లు పట్టింది. ఐదోసారి కూడా నల్ల కాగితం ముందు సన్నటి మంచు కనిపించింది.
4. 80 డిగ్రీలు, వ్యాక్యూమ్, 24 గంటలు. నీరు 60 పీపీఎం.

ఆగస్టు నెల విశాఖ గాలికి ఆ 60 ఎంతసేపు నిలుస్తుందో కూడా కొలిచాను. మూత తీసి మూడు గంటలు బల్ల మీద పెడితే 1,100. అందుకే సెల్ మూత మీద ఆర్గాన్ ఊదుతూనే ఉండాలి.

కడిగిన ద్రవంతో నింపిన ఎలక్ట్రోడ్: –0.409. కొత్త సీసాది: –0.410. ఇప్పుడు రెండు వేర్వేరు సీసాలు ఒకే మాట చెబుతున్నాయి.

ఇప్పటివరకు: 38 రోజులు. ఖర్చైన ద్రవం 28.5 మి.లీ. చేసినవి 8, పనికొచ్చేవి 2. పాత జంట చెత్తలోకి.

దశ 6: రెండు చిన్న ప్రమాదాలు (39–49 రోజులు)

ఒకటి. ఇంకో రెండు ఎలక్ట్రోడ్లు మా జూనియర్ చేసింది. ఫెర్రోసీన్ –0.298 దగ్గర. అంటే 112 మి.వో. పక్కకి. మర్నాడు –0.311, ఆ మర్నాడు –0.327. తీగ కాదు, క్లోరైడ్ కాదు, బుడగ లేదు. చివరికి గొట్టాలు దేంతో కడిగావని అడిగాను.

"ఎప్పట్లాగే అసిటోనైట్రైల్‌తో కడిగానక్కా. ఆరిపోయింది కూడా."

పైన ఆరింది, ఫ్రిట్ రంధ్రాల్లో ఆరలేదు. అసిటోనైట్రైల్ వెండి అయాన్లని గట్టిగా పట్టుకుంటుంది. అంతా అసిటోనైట్రైలే అయిన ద్రావణంలో ఇదే 10 మిల్లీమోలార్ వెండి ఎలక్ట్రోడ్‌తో ఫెర్రోసీన్ +0.09 వోల్టు దగ్గర వస్తుంది, మన ద్రవంలో –0.41. మధ్యలో అర వోల్టు ఉంది. 0.5 మి.లీ.లో 20 మైక్రోలీటర్ల చుక్క మిగిలినా వెండికి 70 రెట్లకు పైగా అసిటోనైట్రైల్ అయిపోతుంది. అది మెల్లగా ఆవిరైపోతుంటే అంకె రోజూ ఒకే దిక్కుకి జరుగుతూ వచ్చింది. ఇప్పుడు గొట్టాలకి అసిటోన్, తర్వాత ఓవెన్‌లో రాత్రంతా. అసిటోనైట్రైల్ సీసాని వేరే అలమారాలోకి మార్చాం.

రెండు. ఇది పూర్తిగా నా నిర్వాకం. సెల్‌లో నీరు పెరిగిందని, ఫెర్రోసీన్ కలిపిన ద్రవాన్నే రాత్రి 70 డిగ్రీల దగ్గర వ్యాక్యూమ్‌లో పెట్టాను. పొద్దున పీక్ 16 మైక్రోఆంపియర్ల నుంచి 5కి పడిపోయింది. ఫ్లాస్కు మెడ దగ్గర, చల్లగా ఉన్న చోట, నారింజరంగు సన్నటి సూదులు పేర్చినట్టు అంటుకుని ఉన్నాయి. ఫెర్రోసీన్ ద్రవం వదిలేసి గాజు మీదికి ఎక్కింది. మధ్య బిందువు మాత్రం కదల్లేదు, –0.410. ముందు ద్రవాన్ని ఆరబెట్టి తర్వాత ఫెర్రోసీన్ వేయాలి. ఆర్గాన్‌ని కూడా ద్రవంలోకి గంటలకొద్దీ బుడగలుగా పంపకుండా పైనే ఊదాలి.

ఇప్పటివరకు: 49 రోజులు. ఖర్చైన ద్రవం 31.5 మి.లీ. చేసినవి 10, పనికొచ్చేవి 2.

దశ 7: రెండు గదుల గొట్టం, 21 రోజుల కాపలా (50–70 రోజులు)

జూనియర్ చేసిన రెండింటినీ ఆరబెట్టి మళ్లీ నింపాం. వాటితో పాటు మొత్తం నాలుగింటికీ బయట ఇంకో గొట్టం తొడిగాను. దానికీ కొనలో వైకార్, లోపల వెండి లేని ద్రవం. నిరోధం 25 కిలోఓమ్‌లకి పెరిగింది, బియ్యం డబ్బా ఉంది కాబట్టి ఫర్వాలేదు. సున్నా దగ్గరి వెండి పీక్ మూడు వారాల్లో ఒక్కసారీ రాలేదు. బయటి గదిలోని ద్రవాన్ని వారానికోసారి మారుస్తున్నాను.

ఫెర్రోసీన్ మధ్య బిందువు, 2వ నంబరు ఎలక్ట్రోడ్‌తో:

1వ రోజు: –0.4102
4వ రోజు: –0.4099
7వ రోజు: –0.4106
12వ రోజు: –0.4095
16వ రోజు: –0.4103
21వ రోజు: –0.4091

మొత్తం ఊగిసలాట 1.5 మి.వో. 12వ రోజు కరెంటు పోయి ఏసీ ఆగింది, గది 31 డిగ్రీలు. ఆ అంకెని కొట్టేయాలా అని చూసి ఉంచేశాను. పీకుల మధ్య దూరం 74 మి.వో. పుస్తకంలోని 59 కాదు. ద్రవం వాహకత తక్కువ, డిస్కు ముందు నిరోధమే 400 ఓమ్‌లకు పైన ఉంటుంది. 16 మైక్రోఆంపియర్లకి అక్కడే ఆరేడు మిల్లీవోల్టులు పోతాయి. దీన్ని రిఫరెన్స్ మీదకి నెట్టకండి.

చివరి తనిఖీకి ఫెర్రోసీన్‌తో పాటు కోబాల్టోసీనియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ (ఫెర్రోసీన్ లాంటి నిర్మాణమే, ఇనుము బదులు కోబాల్ట్) కూడా అదే సెల్‌లో వేశాను. ఈ రెండు జంటల మధ్య దూరం అయానిక్ లిక్విడ్లలో 1.33 వోల్టు దగ్గర ఉంటుంది. నాకు 1.331. కోబాల్టోసీనియం లవణం కాబట్టి వ్యాక్యూమ్‌లో ఎగిరిపోదు. పైగా దాని పీక్ బాగా కిందికి ఉంటుంది, కార్బన్ పై అంచు చూసేటప్పుడు అడ్డురాదు. ఇక నుంచి రోజువారీ తనిఖీకి ఫెర్రోసీన్ బదులు దీన్నే వాడతాను.

ఇప్పటివరకు: 70 రోజులు. ఖర్చైన ద్రవం 37 మి.లీ. చేసినవి 12 (మళ్లీ నింపినవీ లెక్కే), పనికొచ్చేవి 4. వాటిలో 3వ నంబరు టెఫ్లాన్ అంచు కొంచెం లేచినట్టుంది, సోమవారం విప్పి చూస్తాను. కార్బన్ ముక్కల డబ్బా నిన్న తెరిచాను. మొదటి ముక్క పై అంచు ఫెర్రోసీన్‌తో పోలిస్తే +2.05 వోల్టుల దగ్గర, రెండోసారి తీసినా అదే.